ఒతీలియక్కకు అర గిన్నె సూప్

ఒతీలియక్కా,

మొదటి పడవకే దాల్కావే సంతకు వెళ్తున్నాను. పడుకున్నావని లేపలేదు. బంగాళాదుంపల సూప్ పొయ్యి మీద ఉంది. వేడి చేసుకుని అర గిన్నె తాగు, అంతకు మించి బలవంతం లేదు. ఖాళీ కడుపుతో మాతే ఆకుల టీ తాగకు, ముందు రొట్టె ముక్క తిను. తర్వాత గుమ్మంలో కాసేపు ఎండకు కూర్చో.

బావను సముద్రం తీసుకెళ్లి నెలయింది. తొమ్మిది రోజుల ప్రార్థనలకు వచ్చినవాళ్లందరికీ నువ్వే వడ్డించావు, నీ నోట్లో మాత్రం ఏమీ పడలేదు. అప్పుడు నీ మీద చాలా కోపమొచ్చింది, ఇప్పుడు చెప్తున్నాను.

నిన్న నీ అంతట నువ్వే తలస్నానం చేసి, జడ వేసుకుని బల్ల దగ్గరికొచ్చావు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇందులో ఉప్పేదే? నీకు వంట నేర్పిందెవరే?" అన్నావు. "నువ్వే" అన్నాను. నవ్వావు. కట్టెలు తెస్తానని నేను బయటికెళ్లింది ఏడవడానికే. నీకున్నంత గుండె నాకు లేదక్కా.

నిల్దా

బావ కుర్చీ ఎక్కడిదక్కడే ఉంచాను. అందులో కూర్చుని తినాలనిపిస్తే కూర్చో.