గుమ్మంలో ఊపిరి

మరియమ్మా,

నువ్వు పోయి ఈ మిరప కోతలకు ఏడాది. ఇవాళ రైతు చేలో ఆఖరి కాయ కోశాం. బస్తాలు కళ్ళానికి చేర్చాక ఎప్పటిలాగే అందరికీ కోడికూర భోజనం పెట్టి, మగాళ్లకు తలా ఒక క్వార్టర్ సీసా ఇచ్చారు.

నేను వద్దన్నాను. మేస్త్రి ఏసోబు ఊరుకోలేదు. "నువ్వు తాగకపోతే మానెయ్. నీ వాటా తీసుకుని నాకియ్యరా, ఊరికే పోద్ది" అన్నాడు. ఒక్క నిమిషం చేత్తో పట్టుకుంటే ఏమవుద్దని వాడి గొడవ. పట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలుసు, నాకు తెలుసు. "నువ్వే అడిగి తీసుకోరా" అని కంచం పట్టుకుని దూరంగా పోయి కూర్చున్నాను. వెనక నవ్వులు వినపడ్డాయి. కూరలో ఉప్పు చాలిందో లేదో కూడా తెలియలేదు.

మందు మానడం ఒక్కసారితో అయిపోయే పనని అందరూ అనుకుంటారు. కళ్ళంలో పోసిన కాయను రోజూ తిరగేయకపోతే బూజు పడుతుందని మాత్రం వాళ్లకు తెలుసు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటారు, చెబితే చప్పట్లు కొడతారు. సాయంత్రమయ్యేసరికి మందు కోసం నాలుక పీకితే ఎవరితో చెప్పను? అలసిపోయానే.

రోజూ పని నుంచి రాగానే నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడి "ఏదయ్యా, ఊదు" అనేదానివి. వాసన చూసి, "ఇక రా" అని పక్కకు తప్పుకునేదానివి. మానేసి ఇన్నేళ్లయినా నమ్మవా అని నాకు ఒళ్ళు మండేది.

ఇవాళ తాళం తీసి, గుమ్మంలో ఆగి అరచేతిలోకి ఊదాను. ఉల్లిపాయ వాసన వచ్చింది, అంతే. "ఇక రా" అనే మనిషి లేక, చెప్పులు విప్పకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.