మానిన పుండు

మిర్యాలగూడ,
6-8-1949.

అక్క తిరుపతమ్మకు,

అలివేలు దండం పెట్టి రాసేది. అందరం క్షేమమని రాసి మొదలుపెట్టాలి గాని, ఆ మాట ఈ ఉత్తరంలో చివరిదాకా నిలవదు. కోదాడలో నువ్వూ, మీ అన్నావదినలూ బాగున్నారని తలుస్తాను.

నీ ముఖం ఒక్కసారే చూశాను. నిన్ను పంపించేసి గౌరయ్య నన్ను చేసుకున్న వారానికి, నీ చీరలూ బిందే తీసుకుపోవడానికి సూర్యాపేట ఇంటికి వచ్చావు. (ఆయన పేరు రాశానని ఆశ్చర్యపోకు. ఇప్పుడు రాస్తే నాకు పాపం లేదు.) సవతి రాసిందని ఈ కాగితం చింపకు. నీకు చదువు వచ్చునని అత్త కాటమ్మ దెప్పుతుండేది. ఎవరితోనూ చదివించకుండా నువ్వే చదువుకో.

ఇద్దరు బిడ్డలు పోయారని నిన్ను పంపించారు. నాకూ ఇద్దరు పోయారు. మొదటిది ఏడో నెలలో, ప్రాణం లేకుండా. రెండోవాడు ఈ ఎండాకాలంలో బతికే పుట్టాడు. ముక్కు కారుతూ, మూసుకుపోతూ, పాలు తాగలేకపోయేవాడు. అరచేతులు, అరికాళ్లు పొక్కి తోలు ఊడేది. ఎత్తుకుంటే ఏడ్చేవాడు, దించితే ఏడ్చేవాడు. నెల తిరగలేదు. అత్త, "మొదటి పెండ్లాం ఉసురు గొట్టింది, అది పోతపోత దుమ్మెత్తి పోసింది" అన్నది. నేనూ నమ్మి నిన్ను నోరారా తిట్టుకున్నాను.

జ్వరం వదలక మా నాయన బండి కట్టి నన్ను ఇక్కడి మిషన్ దవాఖానకు తెచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ బాబు సంగతంతా అడిగి, నా నెత్తురు తీసి హైదరాబాదు పంపింది. జవాబు వచ్చాక నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి, ఇది సవాయి రోగమని, ఇంగ్లీషులో సిఫిలిస్ అంటారని చెప్పింది. మొగుడి నుంచి వచ్చి ఉంటుందన్నది.

నాకు పుండూ లేదు, నొప్పీ లేదన్నాను. "ఆడవాళ్లకు పుండు లోపలెక్కడో లేచి, తెలియకుండానే మానుతుందమ్మా. మానితే రోగం పోయినట్టు కాదు, నెత్తుట్లోకి దిగినట్టు" అన్నది. ఆ పురుగు కంటికి కనపడనంత సన్నగా, మెలితిప్పిన దారంలా ఉంటుందట. "పారే నెత్తుట్ల పడ్డది కొట్టుకపోవాలె గద?" అని అడిగాను. "పారే కాలవలో నాచు రాయిని పట్టుకోదూ? ఇదీ అంతే, రక్తనాళం గోడను పట్టుకుంటుంది. ఆ గోడ సందులోంచి దూరి కండలోకి పోతుంది" అన్నది. గుండె, మెదడు, కళ్లు, ఎముకలు, నెత్తురు పోయే చోటల్లా పోతుందట. కడుపుతో ఉంటే మాయ దాటి బిడ్డలోకీ పోతుందట.

అక్కా, ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. నా నెత్తురు పోసి పెంచుతున్నానని మురిసిపోయాను. ఆ దారినే అదీ వాడి దగ్గరికి పోయింది. మన బిడ్డలను ఎవరి ఉసురూ తినలేదు.

డాక్టరమ్మ ఆయన్నూ పిలిపించి నెత్తురు ఇమ్మన్నది. దవాఖాన అరుగు మీద నిలబడి కసిరాడు. "నాకేం రోగం? ఎద్దు లెక్కున్న. ఆ పుండు తిరుపతమ్మను చేసుకోకముందే మానిపాయె!" అన్నాడు. ఏమన్నాడో అన్నాక గాని తనకు తెలియలేదు. మా నాయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. డాక్టరమ్మ మెల్లగా, "అది మానిందనే నా భయం" అని, సూదులు వేయించుకొమ్మని బతిమాలింది. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నాకు పెన్సిలిన్ అనే కొత్త మందు పగలూ రాత్రీ పొడిచారు. పోయిన బిడ్డలు రారు గాని, లోపలి రోగం ఇక ముందుకు పోదని ధైర్యం చెప్పారు.

నువ్వు గట్టిగా ఉన్నావనీ, మీ అన్న పొలంలో పొద్దంతా నాటు వేస్తున్నావనీ విన్నాను. నాకు భయం అందుకే. నీ ఒంట్లోనూ అది చప్పుడు లేకుండా ఉండి ఉంటుంది. ఏండ్లు గడిచాక గుండె మీదో, కళ్ల మీదో పడుతుందట. ఇక్కడికి రా. డాక్టరమ్మకు నీ సంగతి చెప్పి పెట్టాను. సూదులు అయిందాకా నీ మంచం పక్కన నేనుంటాను. ఆ ఇంటికి నేనిక పోను.

నీ చెల్లెలినని అనిపించుకోవాలని ఆశపడే,
అలివేలు.

తా.క.: ఇదంతా నీ ఒక్కదాని కోసమే రాశాననుకుంటావు. అది సగమే నిజం. ఆయన సూదులు వేయించుకోలేదు. మూడో పెళ్లి కుదుర్చుకున్నాడు, శ్రావణం దాటకముందే లగ్గం. పిల్ల మీ కోదాడ పక్కన అనంతగిరిలో మట్టయ్య కూతురు, సాయమ్మ. మా నాయన పోయి చెప్తే, "నీ బిడ్డ కాపురం పోయిందని మా బిడ్డ లగ్గానికి అడ్డం పడుతున్నవా?" అని వెళ్లగొట్టారు. నేనొక్కదాన్నే పోతే సవతి కుళ్లు అంటారు. ఆయన పెళ్లాలం ఇద్దరం పోయి ఒకే మాట చెప్తే వినక తప్పదు. శుక్రవారం పొద్దటి బస్సుకు కోదాడలో దిగుతాను. నువ్వు రాకపోయినా అనంతగిరి పోతాను. వస్తే మాత్రం, మన బిడ్డలు ఎట్లా పోయారో ఆ పిల్ల తల్లికి నువ్వే చెప్పు. కాగితం మీద రాయగలిగాను గాని, ఆ మాట నాకింకా నోట రావడం లేదు.