ఐస్‌క్రీమ్ నెత్తిన వేడి టీ

పుప్పాలగూడ,
సోమవారం

మూసాపేటలో ఉండే శ్రీనివాసరావు అన్నకు లక్ష్మీదేవి చెప్పి రాయించేదేమంటే,

మేము క్షేమం. మీరు క్షేమంగా ఉండేది నిన్న కళ్ళారా చూసే వస్తిమి కాబట్టి అది అడగను. నాకు చదువు రాదు. నేను చెప్తాంటే మా ఇంటాయన తిమ్మప్ప రాస్తాండాడు. ఫోను ఎందుకు చేయలేదంటే, ఫోనులో మాట కుక్కర్ కూతలో కలిసిపోతుంది. కాగితం మీది మాట యాడికీ పోదు.

నిన్న మా మనవడు వినయ్‌కి మీ మనవరాలు రసజ్ఞను చూడను వస్తిమి గదా. పిల్లను ఏమీ అనను. నా ఫిర్యాదంతా ఆ కప్పు మీదనే. ఐస్‌క్రీమ్ తెచ్చి నా ముందర పెట్టింది, సరే. గ్రీన్ టీ తెచ్చింది, సరే. టీ అయితే తాగుదామని నేను చెయ్యి చాపితే, నా చెయ్యి దాటించి, పొగలు కక్కే ఆ టీని ఐస్‌క్రీమ్ నెత్తిన పోసింది! "ఏమే తల్లీ, అదేం పాపం చేసిందని కాలుస్తివే?" అంటే, "అదే స్పెషల్ అండి" అని నవ్వింది.

చల్లనిది చల్లగా లేకపాయె, వేడిది వేడిగా లేకపాయె. నేను ముట్టలేదు. వినయ్ చెంచా ఎత్తితే కంటితోనే దింపిస్తిని. మా ఆయనకు షుగరు, ఆయనకు మీరు పెట్టనే లేదు.

అది తినేదా, తాగేదా? ముందు మీరు అది తేల్చండి. మిగతా మాటలు తర్వాత.

ఇట్లు,
లక్ష్మీదేవి (బొటనవేలి ముద్ర)

తా.క.: మీ సోఫా మరీ మెత్తన. నన్ను లేపను ఇద్దరు కావాల్సి వచ్చింది. అది వేరే ఫిర్యాదు.

*

మూసాపేట,
బుధవారం

గౌరవనీయులైన లక్ష్మీదేవి గారికి, శ్రీనివాసరావు నమస్కరించి వ్రాయునది.

తమరి ఉత్తరం అందిందండి. బైకు మీద తెచ్చిన పార్శిల్ అబ్బాయి ఓటీపీ చెబితే గానీ ఇవ్వలేదు. నీటిపారుదల శాఖలో ఉత్తరాలు రాసి రాసి రిటైరైనవాణ్ణి. ఇలాంటిది మాత్రం ఎన్నడూ అందుకోలేదు.

ఐస్‌క్రీమ్ మీద టీ పోయడం అవమానం కాదండి, అదే దాని తయారీ. వెనిల్లా ఐస్‌క్రీమ్ రెండు ముద్దలు కప్పులో వెయ్యాలి. గ్రీన్ టీ చిక్కగా, చక్కెర లేకుండా కాచి, తినేవారి ఎదుటే వేడివేడిగా పోయాలి. పైన వేయించిన బాదం పలుకులు. తీపిని చేదు అదుపులో పెడుతుందట. ఆఫీసు క్యాంటీన్‌లో తిని నేర్చుకుని, మీ కోసమని మా పిల్ల వారం రోజులు సాధన చేసింది. ఆ వారమంతా చెడిపోయినవన్నీ తిన్నది నేను.

మీ మనవడు కప్పు ముట్టలేదు. మేము అర్థం చేసుకోగలమండి. కానీ మీరూ ముట్టలేదంటున్నారే, మీ కప్పు అడుగుదాకా ఖాళీ! కడిగింది మా ఆవిడ వీరలక్ష్మి. తృప్తిగా తిని, తర్వాత తప్పుపట్టడం పెద్దవారికి తగునా?

పిల్ల నచ్చకపోతే నచ్చలేదని ఒక్క ముక్క చెప్పొచ్చు. రసజ్ఞ ఆనాటి నుంచీ గ్రీన్ టీ డబ్బా వంక చూడటం లేదు. ఈ ఆదివారం వేరేవాళ్ళు చూడడానికి వస్తామన్నారు, రమ్మన్నాం.

భవదీయుడు,
శ్రీనివాసరావు

తా.క.: సోఫా మా అల్లుడు కొన్నాడు. అందులోంచి నన్నూ ఇద్దరే లేపుతారు.

*

పుప్పాలగూడ,
గురువారం

శ్రీనివాసరావు అన్నకు లక్ష్మీదేవి కోపంగా చెప్పి రాయించేదేమంటే,

నీ ఉత్తరం మా ఆయన చదివి వినిపించినాడు. మధ్యలో ఆయనకు ఒకటే దగ్గు. దగ్గు తగ్గినాక చూస్తే, ఉత్తరం నేరుగా వేరేవాళ్ళు వచ్చే కాడికి దూకింది. ఏమప్పా, నచ్చలేదని నేను ఎప్పుడు చెప్తిని?

కతికితే అతకదంటారు, నీకు తెలీదా? పిల్లను చూడబోయిన ఇంట్లో తింటే ఆ సంబంధం కుదరదు. టీ నీళ్ళయితే తాగొచ్చు, తినేది కూడదు. ఆ పిల్ల గడప దాటి వస్తానే నాకు నచ్చింది. "అవ్వా, మీ మోకాళ్ళు నొస్తాయేమో" అని పీట తెచ్చి నా కాళ్ళ కింద పెట్టింది. ఆ సంబంధం అతకాలనే గదా, నోరూరుతాన్నా చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటిని! టీ తాగి మర్యాద నిలుపుదామనుకుంటే, ఆ టీని కూడా తీసకపొయ్యి తిండిలో కలిపేస్తిరి. ఇంగ నేనేం చేయాల?

మా ఇంటి నుంచి ఒక్క ప్రాణి మీ ఇంట్లో మెతుకు ముట్టలేదు. కాబట్టి ఈ సంబంధం అతుకుతుంది. రాసి పెట్టుకో.

ఇట్లు,
లక్ష్మీదేవి (ముద్ర గట్టిగా వేయించినాను)

తా.క.: ఆదివారం వచ్చే వాళ్ళకు కడుపునిండా భోజనం పెట్టండి. మారు వడ్డించండి.

రాసినవాడి తా.క.: అయ్యా, ఆ కప్పు ఖాళీ చేసినది నేను. మీ మనవరాలు మా ఆమెకు బాల్కనీ చూపించడానికి తీసుకుపోతే, అందరూ వెంట పోయినప్పుడు జరిగిపోయింది. చాలా బాగుంది. మీ ఉత్తరంలో ఆ పేరా చదవకుండా దగ్గినాను. దయచేసి మళ్ళీ ఎత్తవద్దు. తిమ్మప్ప.

*

మూసాపేట,
సోమవారం

చెల్లెమ్మ లక్ష్మీదేవికి అన్నయ్య శ్రీనివాసరావు ఆశీస్సులతో వ్రాయునది.

నీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమర్చాయమ్మా. రసజ్ఞ గ్రీన్ టీ డబ్బా మళ్ళీ ముందుకు తెచ్చింది. ఆదివారం వచ్చినవారికి నీ మాట ప్రకారం పప్పు, గోంగూర, గుత్తివంకాయ, పెరుగన్నం దాకా పెట్టాం. మారు కూడా వడ్డించాం. వెళ్ళినవాళ్ళు ఇంకా ఫోను చేయలేదు. చేయరు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. ఆ సూత్రం అంత బాగా పనిచేయడం చూసి మా వీరలక్ష్మి బెంబేలెత్తి, మన సంబంధం వద్దంటోంది. కారణం నేను చెప్పలేను. నీకు చెప్పాల్సినవాళ్ళ ద్వారా తెలుస్తుంది.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. (తిమ్మప్ప గారికి మాత్రమే. దయచేసి పైకి చదవకండి): మా ఆవిడ దగ్గర నిజం దాచలేకపోయానండి. "ఆ ఇంటి పెద్దాయనే తిన్నాక ఇంకేం అతుకుతుంది?" అంటోంది. ధైర్యం చేసి చెల్లెమ్మకు చెప్పెయ్యండి. దారి ఉంటే ఆవిడకే తోచాలి. దగ్గకండి.

*

పుప్పాలగూడ,
మంగళవారం

శ్రీనివాసరావు అన్నకు, ముఖ్యంగా వీరలక్ష్మి వదినకు, లక్ష్మీదేవి చెప్పి రాయించేదేమంటే,

దస్తూరీ చూస్తానే గుర్తుపట్టింటారు. ఇది రాస్తాండేది మీ రసజ్ఞే. ఈ సాయంత్రం నానక్‌రామ్‌గూడలో తన ఆఫీసు అయినాక వినయ్‌తో పిలిపిస్తిని. మా ఆయన చదివితే ఉత్తరం ఉత్తరానికీ దగ్గే. ఈ పిల్లకు ఏ దగ్గూ లేదు. మీ ఉత్తరాలు రెండూ మొదటి నుంచి చదివించుకుంటిని. పైకి చదవకండి అన్నది కూడా చదివేసి, నాలుక కరుచుకుంది.

మా ఆయన ఇంత ఎండల్లో దుప్పటి ముసుగేసుకొని పడుకున్నాడు. పడుకోనీ. ఆయన సంగతి నా చేతిలోనే ఉండాది. వదినా, నీ సంగతి చెప్తా విను.

పంచాయితీ అంటే సాక్ష్యం కావాల గదా. "ఆ పొద్దు చేసినట్లే చెయ్యే తల్లీ" అంటిని. రెండు ముద్దలు వేసింది, నా ఎదురుగానే టీ పోసింది. నేను లేచి మా బాల్కనీ అంతా చూసి, తులసికి నీళ్ళు పోసి, తిరిగి వస్తిని. కప్పులో ముద్ద లేదు, గడ్డ లేదు. అంతా పాలమాదిరి పల్చగా ఉండాది. చెంచా నిలవలేదు. నేను బాల్కనీకి పొయ్యి వచ్చేలోపల మీ ఇంట్లో ఆయన నోట్లోకి పోయిందీ అదే! బాదం పలుకులంటావా? ఆయన కట్టుడుపళ్ళు ఆ పొద్దు మా ఇంట్లోనే ఉండె. నములుడే లేదు, మింగుడే.

కాబట్టి మొదటి ఉత్తరంలో నేను అడిగిన దానికి నేనే తీర్పు చెప్తాండా. అది తాగేదే. మా ఆయన టీ తాగినాడు. పిల్లను చూడబోయి టీ తాగితే ఏ సంబంధమూ చెడదు. మీ పిల్ల వేడి టీ పోయకపోయింటే చెడేది. ఆ నెత్తిన పోసిందే మనల్ని కాపాడింది.

తాంబూలాలకు మంచిరోజు చూసుకొని రండి. ఆ పొద్దు ఎంత తిన్నా తప్పులేదు. కూర్చునేదానికి మా ఇంట్లో గట్టి కుర్చీలే ఉండేది.

ఇట్లు,
లక్ష్మీదేవి (ముద్ర వేయడానికి రసజ్ఞ చెయ్యి పట్టుకుంది)

తా.క.: తాతయ్యా, ఇది నేను, రసజ్ఞని. నిజం కాగితం మీద ఉండాలి కదా. పరీక్ష కోసం చేసిన కప్పు అవ్వ పూర్తిగా "తాగేశారు". తీర్పు ఖాయం చేసుకోవాలని ఇంకోటి చేయించి, నేను టీ పోయకముందే సగం "తాగేశారు". తిమ్మప్ప తాతగారు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టారు. ఆ చేతిలో ఉట్టి గ్రీన్ టీ పెట్టి వచ్చాం. పాపం, అందులోనూ చెంచా వేసి వెతుకుతున్నారు.