మీ నాన్న ఆకులో నేను పెట్టని సీసా

కినత్తుకడవు,
ఆదివారం.

చిరంజీవి ఇలక్కియకు అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అవ్వా, కొత్తగా పుట్టిన మేకపిల్లా బాగున్నాం. మదురైలో నువ్వు వేళకు తింటున్నావని తెలిస్తే ఇంకా బాగుంటాం.

వ్యసనమనే మాట మనింట్లో ఉందా అని అడిగావు. తాగుడుకైతే లేదు, దాన్ని అరవంలో ‘పళక్కం’, అంటే అలవాటు, అనేస్తాం. కానీ మీ నాన్న పోయిన రోజు అవ్వ నన్ను పట్టుకుని, “వ్యసనపడొద్దే కరుప్పాయీ” అంది. ఆమెకు వ్యసనమంటే దుఃఖమే. సంస్కృతంలో దాని మూలం విసిరేయడమనీ, అది ఆపదై, దుఃఖమై, చివరికి చెడ్డ అలవాటు అయిందనీ మీ సార్ చెప్పారన్నావు. ఆ దారి నాకు పుస్తకం లేకుండానే తెలుసు.

మొన్న బుధవారం మీ నాన్న రెండో తెవసం, ఏటి తద్దినం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి పడయల్ వేయాలి కదా. పోయినేడు కోడికూర పక్కన బ్రాందీ సీసా పెట్టాం. ఈ ఏడు శొంఠి కాఫీ, ఆయన కొబ్బరిచెట్లెక్కిన తాడు పెట్టాను. మీ చిన్నాయన చిన్నప్పన్ అందరిముందూ లేచాడు.

“సీసా లేకుంటే అన్న కోపించుకుంటాడు వదినా. ఆకు దగ్గరికి దిగడు.”

“దిగకుంటే చెట్టుమీదే ఉండనీ. బతికినన్నాళ్లు నేను దిగమంటే దిగినాడా?” అన్నాను.

చుట్టాలు సగంమంది తినకుండా పోయారు. పోనీ. మిగిలిన కూర రెండు రోజులు తిన్నాం.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడు పడయల్ ఎత్తాక ఆ సీసాలో మిగిలింది నేను తాగాను. అవ్వ చెప్పే వ్యసనంతోనే తాగాను. నెల తిరక్కముందే మీ సార్ చెప్పే వ్యసనంలో పడ్డాను. కొబ్బరిపీచు పని ముగిశాక రోజూ తాగేదాన్ని. అవ్వకు తెలుసు. నాకు నేనే మానాను. బుధవారం ఆ సీసా పెట్టి ఉంటే అది మీ నాన్నకు కాదు, నాకు పెట్టినట్టే. అందుకే పెట్టలేదు. ఎవరు ఏమన్నా వచ్చే ఏడూ పెట్టను.

చిన్నప్పుడు మీ నాన్న నోరు వాసన చూసి నాకు చెప్పేదానివి. సెలవులకు రాగానే నాదీ చూడు. నేను మొహం తిప్పుకోను.

ఇట్లు,
యాభైరెండు రోజులుగా ముట్టని
నీ అమ్మ
కరుప్పాయి