నూరాకు తీసిన దిష్టి

శుక్రవారం రాత్రి, రిగ్గై, కువైట్

ఈ సంతోషం ఎవరికి చెప్పినా తెల్లారేసరికి మన వాళ్లందరికీ తెలిసిపోతుంది. అందుకే ఇన్నాళ్లకు పెన్ను పట్టాను. ఈ ఇంట్లో పనికి చేరి నేను ఎత్తుకుని పెంచిన నూరా రేపు పెద్ద పారిశ్రామిక దేశాల సభకు వెళుతోంది. ఈసారి గల్ఫ్ దేశాల కూటమినీ పిలిచారు. కూటమి పెద్దాయన అక్కడ చదివే ప్రసంగం రాసింది మా నూరానే.

"ఆడ మీ మాట చెల్లుతాదా పాపా?" అని అడిగాను.

"కుర్చీ ఇస్తారు. తీర్మానం మాత్రం వాళ్లదే."

"అయితే ఈ ఇంట్లో నా మాదిరే."

"నువ్వు వద్దన్న కూర ఈ ఇంట్లో ఎప్పుడన్నా ఉడికిందా?" అని నవ్వింది.

సాయంత్రం మనసాగక, గుప్పెట్లో ఉప్పు పట్టుకుని పిల్లకు దిష్టి తీస్తుంటే మామా, అదే నూరా వాళ్లమ్మ, గుమ్మంలోకి వచ్చింది. నా చేయి ఆగిపోయింది. ఇలాంటివి చూసి చేతబడి అనుకుని పనిమనుషులను విమానం ఎక్కించేసిన ఇళ్లు నాకు తెలుసు.

మామా ఉప్పు వైపు చూసింది. "ఖలాసా, అయిపోయిందా? అయితే జరుగు. నేను పటిక కాల్చాలి. దిష్టికి మేం చేసేది అదే" అంది.

ఆ పొగలో ముగ్గురం దగ్గుతూ నవ్వుకున్నాం.

స్వామీ, అంత పెద్దవాళ్ల మధ్య పిల్ల రాసిన మాట నిలబెట్టు. మామా ఈ ఉప్పు సంగతి ఇంటాయనతో అనేస్తుందేమో... ఈ పేజీ ఎవరికి దొరికినా చింపకండి, దాచండి. ఎవరికీ చూపించకండి.