సున్నం గోడకి పూసిన సిమెంటు

మామ్మకి సాయి కాకినాడ నుంచి రాసేది, నేను బాగానే ఉన్నాను, డ్యూటీకి వెళ్తున్నాను.

నీ కాలు విరిగింది నా వల్లే. ఎండాకాలంలో ఊరొచ్చినప్పుడు, నువ్వు పడుకునే గదిలో చెమ్మెక్కిన గోడకి నేనే సిమెంటు పూశాను. జగన్నాథరావు మేస్త్రిగారు వీధిలోంచి కేకేశారు, "సున్నం గోడకి సిమెంటు వద్దు బాబూ, లోపలి చెమ్మ బయటికి పోదు, ఊడిపడుద్ది" అని. "మీ కాలం అయిపోయిందండీ, నేను ఫోన్లో చూసి నేర్చుకున్నా" అన్నాను. మొదటి వానలకే పెద్ద పెచ్చు ఊడి నీ కాలి మీద పడింది. ఆ పెచ్చు ఎత్తిందీ మేస్త్రిగారే, నాకు చెప్పిందీ ఆయనే.

నువ్వేమో దొడ్లో జారానని ఊరంతా చెబుతున్నావు. నీ కడుపున పుట్టిన పాపాయత్తే "చూసుకుని నడవొద్దా" అని నిన్ను తిడుతోంది. నేను ఫోన్ చేస్తే "వదిలెయ్యరా" అని పెట్టేస్తున్నావు. ఒళ్లు మండిపోతోంది మామ్మా, నా మీద నాకే.

ఆ గదిలో పడుకోకు. మిగతా సిమెంటు మేస్త్రిగారి చేత కొట్టించెయ్యి. కట్టు ఎప్పుడు విప్పుతారు? మాత్రలు వేసుకుంటున్నావా?

నీకు చదువు రాదు, దీన్ని పోస్టుమాన్ చేత అరుగు మీదే చదివిస్తావు. అందుకే కార్డు రాశాను. అందరూ విననీ.

నీ కాళ్లకి దణ్ణం, ముందు ఆ విరిగినదానికి.

సాయి