శేఠ్‌కి ఇచ్చిన నీళ్లు

2021 జులై, ఆదివారం రాత్రి

మా రాజును పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు. ఇవాళ ఆ రంగుల మిల్లు శేఠ్ మాస్క్ పెట్టుకుని రాజీకి వచ్చాడు.

లాక్‌డౌన్‌లో మరమగ్గాలు ఆగిపోయినప్పుడు బాపు, నేను మా పొలం పక్కన ఎండిపోయిన మడుగులో పూడిక తీశాం. వానలకు నీళ్లు నిలిచాయి, తుంగ మొలిచింది, కొంగలు వచ్చాయి. మా కుక్కలు రాజు, లాలి రోజంతా అక్కడే ఉండేవి. మొన్న శేఠ్ ట్యాంకర్ మిల్లులో వాడి పారేసే ఎర్ర రంగు నీళ్లు అందులో వదిలి పోయింది. రాజు అవి తాగి, ఎర్రటి కాళ్లతో ఇంటిదాకా వచ్చి గడప ముందే చచ్చిపోయింది.

"ఇంటికొచ్చినోళ్లకు ముందుగాల నీళ్లియ్యాలె బిడ్డా," అంది అమ్మ.

ఇచ్చాను. మడుగులో ముంచి తెచ్చిన గ్లాసు.

శేఠ్ మాస్క్ దించి, గ్లాసులోకి చూసి ఆగిపోయాడు. "యే క్యా హై, బేటీ?"

"మీ నీళ్లే శేఠ్. మా కుక్క తాగింది. మీరూ తాగండి," అని హిందీలోనే చెప్పాను.

గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

"సదువుకున్నదానివి, గింత పగ ఏందే నీకు?" అని అమ్మ తిట్టింది. బాపు మాత్రం నవ్వు కనబడకుండా తన మాస్క్ పైకి లాక్కున్నాడు.

లాలి కడుపుతో ఉంది. కట్టేసినా మడుగు వైపే గుంజుతోంది. ఏ పూటైనా గొలుసు తెంపుకుంటే...

గ్లాసులో నీళ్లు పారబోయలేదు. సీసాలో పోసి తలుపు పక్కన పెట్టాను. రాజీ కుదరలేదు కాబట్టి శేఠ్ మళ్లీ వస్తాడు. తను రాకుండా భార్యను పంపినా, ఆమెకీ ఇవే.